తైక్వాండో మెడల్ వచ్చింది, దాంతో ఏమొస్తుంది? తొగుట తల్లిదండ్రులకు కొన్ని జవాబులు

మా బిడ్డకు ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్‌ల గోల్డ్ వచ్చింది సార్. రేపు సర్కారు నౌకరీల కోటా వస్తదా?

మెడల్ మీద ఏం చెక్కారో కాదు, పిల్లను పోటీకి ఎవరు పంపారో అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వ నియామకాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. దానికి ఆధారమైన 2012 నాటి జీవో 74లోని ఆటల జాబితాలో తైక్వాండో కూడా ఉంది. ఇంజనీరింగ్ సీట్లలో 0.5 శాతం స్పోర్ట్స్ కోటా. అంతవరకు మంచి మాటే. చిక్కంతా సర్టిఫికెట్ దగ్గర వస్తుంది.

కేంద్రం పద్ధతి చూడండి. దేశం తరఫున ఆడితే ఫారం-1, దానిపై జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం ఉండాలి. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, యూనివర్సిటీ జట్టుకైతే ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కైతే విద్యాశాఖ ఇచ్చే ఫారం-4. అకాడమీ వాళ్లు తలా ఇంత అని వసూలు చేసి తీసుకెళ్లిన ఓపెన్ టోర్నీలో పక్క దేశాల నుంచి నలుగురు వచ్చి ఆడినా, అది ఫారం-1 అయిపోదు. ఆ మెడల్ బిడ్డకు ధైర్యమిస్తుంది, అనుభవమిస్తుంది. కోటా మాత్రం ఇవ్వదు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ కొలువిచ్చింది. ఆమె ఆడింది భారత జట్టులో.

నన్నడిగితే తొగుట బడి పిల్లలకు దగ్గరి దారి స్కూల్ గేమ్సే. దానికి విమానం టికెట్ అక్కర్లేదు. పీఈటీ సారును పట్టుకుంటే చాలు.

టోర్నీ అసలుదో కాదో ముందే ఎట్ల తెలుస్తది?

ఒలింపిక్స్‌లో ఆడేది వరల్డ్ తైక్వాండో నిబంధనల ప్రకారం. 1973లో సియోల్‌లో పుట్టిన సంస్థ అది. 1966లో మొదలైన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) వేరు, దాని పోటీలు వేరు. బ్లాక్ బెల్ట్ డాన్ సర్టిఫికెట్ ఇచ్చే కుక్కివోన్ మరొకటి. మూడూ నిజమైనవే, కానీ మూడూ ఒకటి కాదు. వరల్డ్ తైక్వాండో ర్యాంకింగ్ పోటీలో ఆడాలంటే జాతీయ సమాఖ్య ద్వారా తీసుకున్న గ్లోబల్ అథ్లెట్ లైసెన్స్ ఉండాలి. దాని సంగతి ఎత్తకుండానే డబ్బు కట్టమంటున్నారంటే ఆ పోటీ ర్యాంకింగ్‌కు సంబంధించింది కాదన్నట్టే. మన దేశంలో ఈ ఆట సంఘాల మధ్య తగాదాలు ఏళ్లుగా ఉన్నాయి. అందుకే ఆ ఏడాది కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఎవరికుందో చూసుకోండి. జిల్లా యువజన, క్రీడల కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూడా అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పేపర్ల మన ఊరికి ఎనిమిది మెడల్స్ అని వచ్చింది. నిజమేనా?

నిజమే కావచ్చు. అయితే ఆ బరువు విభాగంలో ఎంతమంది ఆడారో అడగండి. తైక్వాండోలో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. నలుగురే ఉన్న డ్రాలో మొదటి బౌట్ ఓడిన పిల్లాడి మెడలోనూ మెడల్ పడుతుంది. ఎన్ని మెడల్స్ వచ్చాయన్నది కాదు, ఎన్ని బౌట్లు గెలిచారన్నది చూడండి. ఫ్లెక్సీ కట్టేవాళ్లకు ఈ లెక్క నచ్చదు, అది వేరే సంగతి.

రెఫరీ పాయింట్ ఇయ్యకపోతే మేం అడగొచ్చా?

మీరు కాదు, కోచ్. వీడియో రీప్లే ఉన్న పోటీల్లో కోచ్‌కు ఒక అప్పీల్ కార్డు ఉంటుంది. అప్పీల్ నెగ్గితే కార్డు ఆయన దగ్గరే ఉంటుంది, వీగితే పోతుంది. పాయింట్లు తెలిసుంటే గొడవ సగం తగ్గుతుంది: ఛాతీ రక్షణ కవచంపై పంచ్‌కు 1, కిక్‌కు 2, తలపై కిక్‌కు 3. తిరిగి కొట్టిన కిక్ కవచానికి తగిలితే 4, తలకు తగిలితే 5. తప్పుకు వేసే పెనాల్టీ, అంటే గామ్‌జోమ్ పడితే ప్రత్యర్థికి ఒక పాయింట్.

బరువు తూచేటప్పుడు బట్టలన్నీ విప్పమంటరట?

క్యాడెట్, జూనియర్లను నగ్నంగా తూచడానికి వీల్లేదని నిబంధనల్లోనే ఉంది. లోదుస్తులకు 100 గ్రాములు మినహాయింపు ఇస్తారు. మొదటిసారి బరువు తప్పితే గడువు లోపల మరో అవకాశం ఉంటుంది. క్యాడెట్ అంటే 12 నుంచి 14, జూనియర్ అంటే 15 నుంచి 17 ఏళ్లు. లెక్క పుట్టిన సంవత్సరంతోనే, నెలతో కాదు. క్యాంపుల్లో గానీ ప్రయాణంలో గానీ బిడ్డతో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే పోక్సో చట్టం ఉంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ముందు కోచ్‌కు చెప్పి చూద్దామని ఆగొద్దు.

తలకు దెబ్బ తగిలి పడిపోయిండు. వచ్చే వారమే ఇంకో పోటీ ఉంది.

పంపొద్దు. తల దెబ్బతో నాకౌట్ అయితే కనీసం 30 రోజులు పోటీకి దూరం. ఆ తర్వాత కూడా డాక్టర్ సరే అంటేనే.

మాది మల్లన్నసాగర్ల మునిగిన ఊరు. జనన ధ్రువపత్రంల పాత పంచాయతీ పేరే ఉంది.

చెల్లుతుంది. ఊరు మునిగినా రిజిస్టర్‌లో నమోదు ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో, స్కూల్ రికార్డుతో కలవాలి, అంతే. వేములఘాట్, పల్లెపహాడ్ వైపు నుంచి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు దరఖాస్తుకు ముందే ఇవి సరిచూసుకుంటే మేలు. పిల్లల పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ అడుగుతారు.

టోర్నీకి కట్టిన ఫీజు వాపస్ ఇస్తలేరు.

రసీదు ఉందా? ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. చేతిలో నగదు పెట్టి వచ్చినవాళ్లకే కష్టం. ఈసారి ఫోన్‌పేలో పంపండి, స్క్రీన్‌షాట్ దాచుకోండి.