36 ఫొటోల రోజు

మొదటిసారి శ్రీరంగాపూర్ వెళ్లినప్పుడు అక్కడ నేను ఉన్నది ముప్పావు గంట. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి వనపర్తిలో పాలిటెక్నిక్ కళాశాలగా మారిన రాజమహల్, శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి, గద్వాల కోట, చీకటి పడేలోగా అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు, అన్నీ ఒక్క రోజులో చుట్టేయాలని లెక్కవేసుకున్నాను. చుట్టేశాను కూడా. రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే ఫోన్‌లో నాలుగొందలకు పైగా ఫొటోలున్నాయి. మర్నాడు మా మేనకోడలు వాటిని వేలితో తోసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. స్తంభం మీద చెక్కిన చిన్న ఏనుగు, తొండం కొన విరిగిపోయి ఉంది.

"మామా, ఇది ఏ గుడిలోది?"

చెప్పలేకపోయాను. ఆ ఏనుగు ఎదురుగా నిలబడింది నేనే, ఫోన్ ఎత్తి నొక్కిందీ నేనే. దాన్ని చూడలేదు, అంతే.

ఆ ప్రశ్న చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది. నా బతుకంతా ఇలాగే సాగుతోందా అని అనుమానం పట్టుకుంది. చదివిన పుస్తకాలు, వెళ్లిన పెళ్లిళ్లు, పిల్లలతో గడిపిన సెలవులు, అన్నిటికీ వెళ్లొచ్చానన్న రుజువుంది. తీరిగ్గా గుర్తు చేసుకుందామంటే చేతికి ఏమీ తగలదు. అందుకే రెండోసారి అదే దారి పట్టాను. ఈసారి మేనకోడలు వెంట వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, ఇన్‌స్టాగ్రామ్‌లో తన పేజీ కోసం ఒక రోజంతా ఒక పాత ఊరి ఫొటోలు తీయాలని సరదాపడింది. ప్లాన్ నన్ను వేయమంది. నేను రెండే షరతులు పెట్టాను. ఒకటి, ఒకే ఊరు, శ్రీరంగాపూర్. రెండు, 36 ఫొటోలు, అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

36 ఎందుకో ఆ పిల్లకు అర్థం కాలేదు. రీలు అంటే ఈ తరానికి చిన్న వీడియో. మా చిన్నప్పుడు రీలు అంటే కెమెరాలో వేసే ఫిల్ము. పెద్ద రీలుకు 36 ఫొటోలు వచ్చేవి. పెళ్లికి రెండు రీళ్లు, తిరుపతి ప్రయాణానికి ఒకటి. బటన్ నొక్కే ముందు నాన్న అందరినీ ఒకసారి తేరిపార చూసేవాడు. చెల్లి కళ్లు మూసిందా, అమ్మ కొంగు సర్దుకుందా, వెనకాల ఎవరైనా అడ్డం వస్తున్నారా అని. ఆ చూపు ఫొటో కంటే ఎక్కువసేపు ఉండేది. అంతకు వందేళ్ల ముందు ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. బరువైన కెమెరా, కాళ్ల స్టాండు, పలకల పెట్టెలు మోసుకుపోవాలి. అంత మోత మోసేవాడు ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకోక తప్పదు కదా. ఇవాళ మనకు లెక్కలేనన్ని తీసుకునే వీలుంది. ఆ వీలు చల్లగా మన ఎంపిక శక్తిని తినేస్తోంది. వ్యక్తిత్వం గురించి నేను నేర్చుకున్నదంతా ఈ ఎంపిక చుట్టే తిరుగుతుంది. ఒక రోజులో దేనికి చోటివ్వాలో తేల్చుకునేటప్పుడు మనిషి తనను తాను దిద్దుకుంటాడు.

వెళ్లడానికి వారం ముందు కాగితం మీద రాసుకున్నాం. రంగనాయకస్వామి గుడికి వెలుగెంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. చెరువును ఆనుకుని ఐదంతస్తుల గోపురం, దాదాపు 60 అడుగుల ఎత్తు. నీళ్లు నిండుగా ఉంటే గోపురం రెండుసార్లు కనిపిస్తుంది, పైన ఒకటి, తలకిందులుగా ఒకటి. రంగసముద్రం అనే ఈ చెరువు ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో బ్యాలెన్సింగ్ జలాశయం కూడా. కృష్ణా నీళ్లు ఎత్తిపోస్తే ఒకలా ఉంటుంది, వేసవిలో వెనక్కి తగ్గితే ఇంకోలా ఉంటుంది. ఇంటర్నెట్‌లో నిండుచెరువు ఫొటో చూసి ఏప్రిల్‌లో బయల్దేరితే నిరాశే మిగులుతుంది. కాబట్టి ఊళ్లో ఒకరికి ఫోన్ చేసి నీళ్లెక్కడిదాకా ఉన్నాయో అడగండి. గుడి ఎన్నింటికి తీస్తారో, మధ్యాహ్నం ఎన్నింటికి మూస్తారో కూడా అడగండి. మన దగ్గర పొద్దు డిసెంబరులో ఆరున్నర దాటాక పొడుస్తుంది, జూన్‌లో ఆరు కొట్టకముందే పొడుస్తుంది. పొడిచాక మహా అయితే గంటసేపు నీరెండ. ఆ గంట కోసం ముందురోజు సాయంత్రమే వెళ్లి వనపర్తిలో రాత్రి ఉన్నాం. ఆ సాయంత్రం ఫోన్లు జేబులోనే పెట్టుకుని గుడి చుట్టూ నడిచి, ఎక్కడ నిలబడాలో చూసుకున్నాం. ఈ ఒక్క నడక మీరు ఎక్కడికెళ్లినా మానకండి. పవర్ బ్యాంకు, నీళ్ల సీసా, గుళ్లోకి తగిన బట్టలు లాంటివి ఎవరైనా చెబుతారు.

తెల్లవారింది. నీళ్ల మీద చిన్న కదలిక కూడా లేదు. గోపురం నీడ అద్దంలో పడ్డట్టు పడింది. మేనకోడలు రెండు ఫొటోలు తీసి, మూడోదానికి వెలుగు ఇంకాస్త ఎర్రబడనీ అని ఆగింది. ఇంతలో దూరంగా ఒక పుట్టి కదిలింది, జాలరి తెడ్డు వేశాడు. అలలు గట్టుదాకా వచ్చి నీడను ముక్కలు చేశాయి. సర్దుకుంటుందిలే అని కూచున్నాం. ఈలోపు గాలి లేచింది. ఇక ఆ రోజంతా ఆ నీడ మళ్లీ రాలేదు.

పిల్ల ముఖం చిన్నబోయింది. నేనేమీ అనలేదు. కాసేపటికి తనే లేచి మెట్ల దగ్గరికి దిగింది. రాతి మీద తెల్లటి గీతలు, ఒకదాని కింద ఒకటి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఎప్పుడెప్పుడు తగ్గాయో రాసిపెట్టినట్టు. పైగీత మన నడుము ఎత్తున ఉంది, కిందిది ఇంకా తడిగానే ఉంది. మోకాళ్ల మీద కూచుని, వేలితో ఆ గీత వెంబడి రాసుకుంటూ పోయింది. తర్వాత ఒక్క ఫొటో తీసింది. అది ఆమె ప్లాన్‌లో లేదు. అయితే నీళ్ల సంగతి ముందే తెలుసుకుని ఉండకపోతే ఆ గీతలు ఆమె కంటికి ఆనేవి కావు. ప్లాన్ వేసుకోవడంలో నాకు కనిపించే మేలు ఇదే. అనుకున్నది తప్పిపోయినా, ఎదురైనదాన్ని గుర్తుపట్టే కన్ను మిగులుతుంది.

రేవులో ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు. పిల్ల ఫోన్ ఎత్తింది. ఒకామె చప్పున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పిల్ల ఫోన్ దించి, సిగ్గుపడుతూ వెళ్లి మెట్టు మీద కూచుంది. ఆమే అడిగింది, "ఎందుకు దించినవ్ బిడ్డా?" అని. "అడగకుండా ఎత్తినందుకు" అంది ఇది. ఆ తర్వాత పావుగంట మాటలే. ఫొటో తీయనేలేదు. అడగడం కెమెరా సెట్టింగుల కంటే ముందు నేర్చుకోవాల్సిన విద్య అని గట్టిగా నమ్ముతాను. గర్భగుడిలో ఫోన్ తీయకపోవడం, రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి తీసుకోవడం, చెక్కడాల మీద కాలు పెట్టి ఎక్కకపోవడం, ఇవన్నీ అందులోవే.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఫొటోలు పాలిపోతాయి. రాయి మీది చెక్కడం కూడా చదునుగా కనిపిస్తుంది. ఆ నాలుగు గంటలు వినడానికి పెట్టుకున్నాం. స్థలపురాణం ఇలా చెబుతుంది: విజయనగర ప్రభువు కృష్ణదేవరాయలు శ్రీరంగం చూసొచ్చి, అలాంటి గుడి తన రాజ్యంలోనూ ఉండాలని కోరుకున్నాడట. రంగనాథుడు కలలో కనిపించి, గరుడపక్షి వెంట వెళితే తన విగ్రహం దొరుకుతుందన్నాడట. మనం చూస్తున్న గుడిని ఇంతగా నిలబెట్టింది 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు. కథకూ చరిత్రకూ మధ్య రెండు వందల ఏళ్ల దూరం. "క్యాప్షన్‌లో రెండూ రాస్తాను మామా, ఏది కథో ఏది చరిత్రో విడిగా" అంది. నాకు చాలా సంతోషమేసింది. వేలమంది చదివేచోట మాటను తూచి రాయడం మంచి నడవడి, మంచి సంస్కారం. పోస్టు చేయడం కూడా అక్కడికక్కడే వద్దనుకున్నాం. రాత్రి కూచుని, పేరు చెప్పగలిగిన ఫొటోలే ఎంచుకుని పెట్టాలని నియమం. లేకపోతే సగం రోజు లైకులు లెక్కపెట్టుకోవడానికే పోతుంది. కళ్లెదుటి గోపురం మీద వెలుగు ఎవరి కోసమూ ఆగదు.

ఆ మధ్యాహ్నమే మండపంలో నా ఏనుగు కోసం వెతికాను. ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, నాలుగు ముఖాలూ చూశాను. తొండం విరిగిన ఏనుగు కనిపించలేదు. అయితే గద్వాలలోనో అలంపూర్‌లోనో ఉండి ఉండాలి. మళ్లీ వెళ్లాలి, ఒక్కోదానికి ఒక్కో రోజు.

పొద్దు వాలేసరికి ఆమె దగ్గర మిగిలింది ఒకే ఒక్క ఫొటో. గోపురం మీద ఆఖరి వెలుగు పడే క్షణం కోసం దాచుకుంది. గుడి ముందు కొబ్బరికాయలమ్మే అవ్వ పొద్దుటి నుంచీ మమ్మల్ని చూస్తూనే ఉంది.

"గోపురాన్ని దిస్తున్నవ్, చెరువును దిస్తున్నవ్. నన్నొకటి దియ్యి బిడ్డా. మా మనుమనికి పంపు."

మనవడు బొంబాయిలో సెంట్రింగ్ పని చేస్తున్నాడట. వెళ్లి ఎనిమిది నెలలయింది. పాలమూరు పల్లెల్లో ఇలాంటి అవ్వ లేని వాడ ఉండదు. ఆకువక్క సంచిలోంచి మడతలు పడ్డ చీటీ తీసి చూపింది. అందులో ఫోన్ నంబరు ఉంది.

అప్పుడే గోపురం పైఅంతస్తు బంగారు రంగుకు తిరిగింది. మేనకోడలు ఒకసారి దానివైపు చూసింది. తర్వాత అవ్వ ఎదురుగా నేల మీద కూచుని, "కొంచెం ఇటు తిరుగు అవ్వా, వెలుగు నీ ముఖం మీద పడాలె" అంది. అవ్వ నోట్లోని వక్క ఊసేసి, కొంగు సర్దుకుని, కొబ్బరికాయలు మళ్లీ వరసగా పేర్చి, నిటారుగా కూచుంది. ముప్పయ్యారో ఫొటో అది. దాన్ని పేజీలో పెట్టలేదు. చీటీలోని నంబరుకు పంపింది.

మేం కారెక్కబోతుంటే జవాబొచ్చింది, వాయిస్ మెసేజ్. పిల్ల వెనక్కి పరుగెత్తింది. "అవ్వా, పుస్తెలతాడు కనబడ్తలేదేంది, యాడ పెట్టినవ్? మంచిగున్నవా?" అని గట్టి గొంతు. అవ్వ మెడ తడుముకుని, తాడును చీర పైకి లాగి సర్దుకుంది. ఇంకొకసారి పెట్టమని, ఫోన్‌ను చెవికి ఆనించుకుంది.