చేతిలోంచి కత్తి లాక్కోవచ్చా?

పరవాడ ఫార్మా సిటీలో బి షిఫ్టు దిగి, రాత్రి పొద్దుపోయాక బండి మీద సబ్బవరం చేరే కుర్రాళ్ళు నన్ను తరచు అడిగేది ఒకటే. "మాస్టారూ, ఎవడైనా కత్తి చూపిస్తే లాక్కునే పట్టు ఒకటి నేర్పండి." సెల్‌లో వీడియో కూడా చూపిస్తారు. పొడవబోయినవాడు చెయ్యి బారుగా చాపి అలాగే ఆగిపోతాడు. ఇవతలివాడు మణికట్టు మెలిపెడతాడు. కత్తి ఠంగుమని కింద పడుతుంది.

అసలు దాడిలో చెయ్యి అలా ఆగదు. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి మీద జరిగిన దాడి మన ప్రాంతంలో అందరికీ గుర్తే. అందులోని రాజకీయం జోలికి నేను పోను, దాడి జరిగిన తీరు మాత్రం చూడండి. సెల్ఫీ నెపంతో దగ్గరకొచ్చినవాడి చేతిలో ఉన్నది పిడికిట్లో ఇమిడే కోడికత్తి. చుట్టూ మనుషులున్నా మొదటి పోటు పడనే పడింది. కత్తి కనబడితే కదా పట్టు వేసేది!

కనబడినా వ్యవధి ఉండదు. 21 అడుగుల దూరం నుంచి కత్తితో పరిగెత్తి వచ్చేవాడు దాదాపు ఒకటిన్నర సెకనులో మీద పడతాడని అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో రాశాడు. మూడు మంచాలు వరసగా వేసినంత దూరమది.

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే చేసి చూడండి. పాత తెల్ల బనీను వేసుకుని, స్నేహితుడి చేతికి ఎర్ర స్కెచ్ పెన్ను ఇవ్వండి. మొహం జోలికి రావద్దని చెప్పి, పది సెకన్లు నిజంగా పొడవమనండి. ఒక చేత్తో మీ కాలర్ పట్టుకుంటాడు, రెండో చెయ్యి కుట్టు మిషను సూదిలా వస్తూ పోతూ ఉంటుంది. చెమటకి పట్టు జారుతుంది. మా దగ్గర బ్లాక్ బెల్టు ఉన్నవాళ్ళ బనీన్ల మీద కూడా గీతలు పడ్డాయి, నా బనీను మీదా పడ్డాయి. ఆ రోజు నుంచి నేను పాఠం మార్చుకున్నాను.

ముందు వాడికి కావలసింది వస్తువా, మీరా అన్నది తేల్చుకోవాలి. వస్తువే అయితే ఇచ్చేయండి. పర్సు, ఫోను, తాళం ఒక పక్కకి విసిరి రెండో పక్కకి పరిగెత్తండి. ఫోను పోతే ప్రభుత్వ సంచార్ సాథీలో బ్లాక్ చేయించవచ్చు. కొత్త ఫోను నాలుగు నెలల వాయిదా, తెగిన చేతి నరంతో మిషను మీద పని చెయ్యలేక పోయే జీతం ఎన్నేళ్ళదో లెక్క వెయ్యండి.

మీ కోసమే వచ్చినవాడైతే మధ్యలో ఏదైనా అడ్డం పెట్టాలి. ఆగి ఉన్న బండి చుట్టూ తిరగండి. హెల్మెట్‌నో, క్యారియర్ సంచినో డాలులా ముందుకి పట్టండి. గట్టిగా అరుస్తూ పెట్రోలు బంకో, దాబాయో, వెలుగున్న చోటికి పోండి. కర్రసాము తెలిసినవాడికి ఇది కొత్త కాదు, కర్ర పొడుగే అతనికి రక్ష.

గోడకి ఆనుకుని దారే లేకపోతే అప్పుడు పట్టు. అదైనా వీడియోలోది కాదు. కత్తిని వదిలేసి చేతిని చూడండి. రెండు చేతులతో వాడి ముంజేతిని ఒడిసిపట్టి, మీ గుండెకి అదిమి, బరువంతా వేసి గోడకి నెట్టండి. చేతులు తెగుతాయి, అయినా వదలకండి. వాడు తూలితే పారిపోండి.

భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే చెబుతాయి. అవసరానికి మించి హాని చెయ్యకూడదని 37 అంటుంది. పారిపోతున్నవాణ్ణి తరిమి కొడితే కేసు మీ మీదకే తిరగవచ్చు.

బయటపడ్డాక ఒళ్ళంతా తడిమి చూసుకోండి, ఆ కంగారులో పోటు తగిలినట్టు కూడా తెలియదు. గాయం మీద గుడ్డ గట్టిగా అదిమి 108కి, 112కి చెయ్యండి. కత్తి దిగి ఉంటే పీకొద్దు. ఫిర్యాదు పరవాడలో ఇవ్వాలా, సబ్బవరంలో ఇవ్వాలా అని తిరగనక్కర్లేదు, ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలని కొత్త చట్టం చెబుతోంది. ఈఎస్ఐ ఉన్నవాళ్ళు మర్నాడే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. డ్యూటీకి వెళ్ళే, వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని, ఉద్యోగంతో సంబంధం తేలితే, ఉద్యోగ గాయంగా చూడాలని 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. ఇన్ టైమ్, అవుట్ టైమ్ రికార్డు అక్కడ సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు మా క్లాసులో మొదటి నెల పట్టు నేర్పను. నేల మీద ముగ్గుపిండితో 21 అడుగుల గీత గీసి, హెల్మెట్ చేతికిచ్చి, బండి చుట్టూ పరిగెత్తిస్తాను. సాయంత్రానికి ఎవరి బనీను మీద ఎన్ని ఎర్రగీతలున్నాయో కుర్రాళ్ళే లెక్కపెట్టుకుంటారు.