వినికిడికి గడువున్నది

పాఠ్యభాగ ఉద్దేశం: ఆకస్మికంగా కలిగే వినికిడి లోపాన్ని గుర్తించి, జాప్యం లేకుండా వైద్యుణ్ణి ఆశ్రయించవలసిన అవసరాన్ని తెలియజేయడం.

విద్యావంతుణ్ణి మన పూర్వులు 'బహుశ్రుతుడు' అన్నారు. ఎక్కువగా విన్నవాడని దాని అర్థం. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలోనూ శ్రవణానిదే మొదటి స్థానం. హైదరాబాదులోని చిక్కడపల్లి అటువంటి శ్రవణానికి నెలవు. అక్కడి త్యాగరాయ గానసభ ఎన్నో కచేరీలకు, సాహిత్య ప్రసంగాలకు వేదిక అయింది. పక్కనున్న అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల అభ్యర్థులు పాఠాలు వింటూ రేపటి కోసం శ్రమిస్తుంటారు. రసికునికైనా, విద్యార్థికైనా చెవి అమూల్యమైన సంపద.

ఆ సంపద ఒక్కొక్కసారి హఠాత్తుగా చేజారుతుంది. రాత్రి పడుకొనే వరకు బాగున్న చెవి తెల్లవారేసరికి వినపడదు. సాధారణంగా ఇది ఒక చెవికే వస్తుంది. కొందరికి చెవిలో హోరు, తల తిరగడం తోడవుతాయి. మూడు రోజులలోపు ఇలా వినికిడి గణనీయంగా తగ్గితే దానిని ఆకస్మిక నాడీ సంబంధ వినికిడి లోపంగా అనుమానించాలి. ప్రసిద్ధ గాయని అల్కా యాగ్నిక్ విమానం దిగి వస్తుండగా తనకేమీ వినిపించలేదని 2024 జూన్‌లో వెల్లడించారు. వైరస్ దాడి వల్ల అరుదైన నాడీ సంబంధ వినికిడి లోపం కలిగిందని వైద్యులు నిర్ధారించినట్లు తెలిపారు.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగమున్నది. అందులోని సూక్ష్మ రోమకణాలు ధ్వని తరంగాలను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. నశించిన రోమకణాలు మానవులలో తిరిగి పుట్టవు. ఈ వ్యాధికి కారణం చాలామందిలో తేలదు. వాపును తగ్గించే స్టెరాయిడ్ మందులను వైద్యులు మాత్రలుగా గాని, కర్ణభేరి గుండా సూదిమందుగా గాని ఇస్తారు. మొదటి రెండు వారాలలో ఆరంభించిన చికిత్స వల్ల మేలు కలిగే అవకాశం ఎక్కువ. కొందరికి మందు లేకుండానే వినికిడి తిరిగి వస్తుంది. కొందరికి మందు వాడినా రాదు. ఎవరికి వస్తుందో ముందుగా తెలియదు కనుకనే వేచి చూడడం తగదు.

ఈ వ్యాధిలో సాధారణంగా నొప్పి ఉండదు. అదే ప్రమాదం. గులిమి అడ్డుపడిందనో, జలుబు చేసిందనో భావించి చెవిలో నూనె పోసుకొని రోజులు గడిపేవారున్నారు. గులిమి వల్ల కూడా వినికిడి తగ్గవచ్చు. కాని ఆ భేదాన్ని తేల్చవలసినది వైద్యుడే. ఆయన చెవిలోనికి చూసి, శ్రుతిదండంతో, ఆడియోమెట్రీతో పరీక్షిస్తాడు. నాడిపై కంతి ఉన్నదేమో తెలుసుకొనడానికి ఎం.ఆర్.ఐ. కూడా చేయిస్తాడు.

స్టెరాయిడ్లను మందుల దుకాణంలో అడిగి సొంతంగా వాడరాదు. అవి రక్తంలో చక్కెరను, రక్తపోటును పెంచవచ్చు. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. వాడుతున్న మందును వైద్యుని సలహా లేకుండా మధ్యలో ఆపరాదు.

చిక్కడపల్లి, నారాయణగూడల వారికి కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కొద్ది దూరంలోనే ఉన్నది. పరీక్షలు దగ్గరపడ్డాయనో, ఖర్చవుతుందనో విద్యార్థి ఈ బాధను దాచుకోరాదు. తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చు. గడువు దాటిన వినికిడిని మరల పొందడం కష్టం.