టైరు వెడల్పు – రిమ్ము వెడల్పు : ఒక పరిశీలన

1998 నవంబరులో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టుప్రక్కల బండరాళ్ళ గుట్టలే అధికము. నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములు విశాలమైన రహదారులతో, వంతెనలతో నిండియున్నవి. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన వెలసినది. నగరము చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఏర్పడినది. ఈ దారులపై వేగముగా పోగల కార్లు పెరిగినవి. వానితోపాటు, కారు కొన్న వెంటనే దాని చక్రములను మార్చి వెడల్పైన టైర్లు వేయించు వేడుకయు యువకులలో పెరిగినది. మన విద్యార్థులలో పలువురు రేపు ఆ ప్రాంతపు కార్యాలయములలో ఉద్యోగము చేయువారే. కావున ఈ విషయము వారికి అక్కరకు వచ్చునదే.

భాష బోధించువానికి టైర్లతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. టైరు ప్రక్కగోడపై అచ్చువేసిన అక్షరములు, అంకెలు కూడ ఒక వాక్యమే. దానిని చదువుట తెలియని వానికి దుకాణదారుడు చెప్పినదే వేదము. తెలిసినవాడు తన డబ్బును, ప్రాణమును కూడ కాపాడుకొనగలడు.

టైరుపై ఉన్న వాక్యము

ఒక టైరుపై 225/45 R17 91W అని ఉన్నదనుకొందము. 225 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 45 వంతులు, అనగా సుమారు 101 మిల్లీమీటర్లు. R అనునది రేడియల్ నిర్మాణమును తెలుపును. 17 అనునది ఆ టైరు ఎక్కవలసిన రిమ్ము వ్యాసము, అంగుళములలో. 91 అను సంఖ్యకు ఆ టైరు 615 కిలోల బరువు మోయగలదని అర్థము. W అను అక్షరము గంటకు 270 కిలోమీటర్ల వేగపు హద్దును సూచించును.

రిమ్ముకును ఇట్టి గుర్తు కలదు. 7.5J×17 అని ఉన్నచో వెడల్పు 7.5 అంగుళములు, వ్యాసము 17 అంగుళములు. J అనునది రిమ్ము అంచు ఆకారమునకు పేరు. ఈ వెడల్పును రిమ్ము రెండు అంచుల లోపలి ముఖముల మధ్య కొలువవలెను. బయటి నుండి టేపు పెట్టి కొలిచినచో సుమారు ఒక అంగుళము ఎక్కువగా కనబడును. పాత రిమ్ములు కొనువారు ఇచ్చటనే తరచు మోసపోవుదురు.

వెడల్పు ఒంటరి సంఖ్య కాదు

టైరుపై 225 అని ఉన్నంత మాత్రమున అది ఏ రిమ్ముపైనైనను 225 మిల్లీమీటర్లే ఉండునని తలచరాదు. ప్రతి కొలత టైరుకు ప్రమాణ సంస్థలు ఒక కొలమానపు రిమ్మును నిర్ణయించినవి. ఆ రిమ్ముపై ఎక్కించి, గాలి నింపి కొలిచినప్పుడే ఆ వెడల్పు. రిమ్ము వెడల్పు అర అంగుళము పెరిగినచో టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగును. అర అంగుళము తగ్గినచో అంతే తగ్గును. కావున 225 టైరు 7 అంగుళముల రిమ్ముపై సుమారు 220 గాను, 8.5 అంగుళముల రిమ్ముపై సుమారు 235 గాను ఉండును.

ప్రతి టైరుకు అనుమతింపబడిన రిమ్ము వెడల్పుల అవధి కూడ కలదు. మన రోడ్లపై తరచు కనబడు కొన్ని కొలతలు ఇవి:

195/65 R15 : 5.5 నుండి 7 అంగుళములు. కొలమానపు రిమ్ము 6
205/55 R16 : 5.5 నుండి 7.5 అంగుళములు, కొలమానపు రిమ్ము 6.5
225/45 R17 : 7 నుండి 8.5 అంగుళములు, కొలమానపు రిమ్ము 7.5
235/40 R18 : 8 నుండి 9.5 అంగుళములు, కొలమానపు రిమ్ము 8.5

ప్రక్కగోడ పొట్టిదైన కొలది టైరు వెడల్పుకు దగ్గరగా ఉండు రిమ్ము కావలసియుండుటను గమనింపవలెను. మొదటి టైరుకు దాని వెడల్పులో సుమారు నాలుగింట మూడు వంతుల రిమ్ము చాలును. చివరిదానికి పదింట తొమ్మిది వంతులు కావలెను. ఎత్తైన గోడ వంగి సర్దుకొనగలదు. పొట్టి గోడకు అట్టి అవకాశము తక్కువ.

పొత్తు తప్పినచో

టైరు లోపలి అంచులో ఉక్కుతీగల కట్ట ఉండును. దానిని బీడ్ అందురు. టైరులోని గాలి ఒత్తిడియే ఈ అంచును రిమ్ముపై అదిమిపట్టి ఉంచును. ట్యూబు లేని టైరులో గాలి నిలుచుటకు ఈ పట్టే ఆధారము.

వెడల్పైన టైరును ఇరుకు రిమ్ముపై ఎక్కించినచో ప్రక్కగోడలు బుడ్డవలె ఉబ్బును. నేలను తాకు భాగము నడుమ ఉబ్బెత్తుగా మారి, అంచులకంటె నడుమ ముందుగా అరుగును. మలుపు తిప్పినప్పుడు రిమ్ము ఒక ప్రక్కకు జరుగగా టైరు దాని వెనుక నెమ్మదిగా కదలును. స్టీరింగు మందగించినట్లు తోచును. గోడ పదే పదే అతిగా వంగుటచే వేడి పుట్టును. టైరుకు వేడికి మించిన శత్రువు లేదు.

ఇరుకు టైరును మిక్కిలి వెడల్పైన రిమ్ముపై సాగదీసి ఎక్కించుట మరియొక వేడుక. 205 టైరును 8.5 అంగుళముల రిమ్ముపై ఎక్కించుట ఇట్టిదే. అప్పుడు గోడలు వాలుగా సాగి రిమ్ము అంచు బయటపడును. వానాకాలమున గుంతలో పడినప్పుడు ఆ దెబ్బను టైరు కాక లోహమే తినును. గాలి కొంచెము తగ్గిన స్థితిలో వేగముగా మలుపు తిరిగినచో బీడ్ రిమ్మునుండి జారి, క్షణములో గాలి మొత్తము పోవచ్చును. చాదర్ ఎంత ఉన్నదో అంతకే కాళ్ళు చాపవలెనని ఉర్దూ సామెత. ఇచ్చట చాదర్ టైరు, కాళ్ళు రిమ్ము.

వెడల్పు పెరిగిన పట్టు పెరుగునా?

ఈ ప్రశ్నకు లెక్క వేసి చూతము. మనుషులతో కలిపి 1,600 కిలోల కారు అనుకొన్నచో ఒక్కొక్క చక్రముపై 400 కిలోలు. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోలు (సుమారు 33 పౌండ్లు). 400ను 2.3చే భాగించినచో దాదాపు 174 చదరపు సెంటీమీటర్లు. స్థూలముగా నేలను తాకు స్థలము ఇంతే. విప్పిన అరచేయి కంటె కొంచెము పెద్దది. బరువు, ఒత్తిడి మారనంతవరకు టైరును వెడల్పు చేసినను ఈ స్థలము పెద్దగా పెరుగదు. దాని ఆకారము మారును. పొడవు తగ్గి అడ్డము పెరుగును. పొడి రోడ్డుపై మలుపులలో ఇది మేలు. వర్షపు నీరు నిలిచిన రోడ్డుపై వెడల్పైన టైరు ఎక్కువ నీటిని త్రోయవలెను గనుక నీటిపై తేలిపోవు ప్రమాదము హెచ్చును. ఒక్క గంట వాన కురిసినంతనే దారులు చెరువులగు మన ఐటీ ప్రాంతమున ఇది చిన్న విషయము కాదు. ట్రెడ్ గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును కారుపై ఉంచుట నిబంధనలకు విరుద్ధము కూడ.

2019 నవంబరు 23న బయోడైవర్సిటీ కూడలి వంతెనపై మలుపు వద్ద ఒక కారు గోడను దాటి క్రింద పడగా, క్రింది రోడ్డున ఉన్న ఒక స్త్రీ మరణించినది. అచ్చట అనుమతించిన వేగము గంటకు 40 కిలోమీటర్లు. ఆ కారు వేగము 100కు పైమాట అని పత్రికలు తెలిపినవి. అందలి కారణము వేగమే గాని టైరు కొలత కాదు. అయినను పాఠము మనకు వర్తించును. మలుపులో కావలసిన పట్టు వేగపు వర్గమును అనుసరించి పెరుగును. 40 నుండి 100 అనగా వేగము రెండున్నర రెట్లు; కావలసిన పట్టు ఆరుంబావు రెట్లు. టైరును 20 మిల్లీమీటర్లు వెడల్పు చేసినంత మాత్రమున ఆ లోటు తీరదు.

పందెపు కార్లు నేర్పు పాఠము

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెము జరిగినది. జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. అన్ని జట్లకును హాంకూక్ సంస్థ ఇచ్చిన ఒకే రకపు టైర్లు, 18 అంగుళముల చక్రములకు తగినవి. ఎండకు, వానకు అవే. అనగా పందెములోనైనను డ్రైవరు ఇష్టము వచ్చిన వెడల్పును ఎన్నుకొనలేదు.

రోడ్డుపై నడుచు వేగపు కార్లలో పోర్షే 911 కరేరాను చూడుడు. 992 అను తరములో ముందు 235/40 టైరుకు 8.5 అంగుళముల రిమ్ము. వెనుక 295/35 టైరుకు 11.5 అంగుళముల రిమ్ము. ముందుది కొలమానపు రిమ్మే. వెనుకది అవధిలో పై అంచు. గోడలు గట్టిగా నిలిచి స్టీరింగు చురుకుగా ఉండుటకు తయారీదారులు వెడల్పు రిమ్మువైపు మొగ్గుదురు, కాని హద్దు దాటరు. కారు బరువును, స్ప్రింగులను, బ్రేకులను లెక్కించి చేసిన నిర్ణయమది. లెక్క లేకుండ దానిని అనుకరించుట పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లగును.

మార్చుటకు ముందు

మొదట డ్రైవరు తలుపు చట్రముపై గాని, పుస్తకములో గాని కంపెనీ ఇచ్చిన కొలతలను చూడవలెను. పై తరగతి మోడలుకు ఇచ్చిన కొలతయైనచో మార్పు సులభము. 205/55 R16 టైరు మొత్తము వ్యాసము సుమారు 632 మిల్లీమీటర్లు. 225/45 R17 టైరుది 634. తేడా స్వల్పము గనుక స్పీడోమీటరు తప్పు చూపదు. పాత టైరు బరువు సంఖ్య 91 అయినచో క్రొత్తది అంతకు తగ్గరాదు. రిమ్ము వెడల్పు అవధికి నడుమగా ఉండవలెను. రిమ్ము లోపలికి, బయటికి ఎంత జరిగియున్నదో తెలుపు ET సంఖ్యయు సరిపోవలెను. లేనిచో టైరు మడ్‌గార్డునకు రాచుకొనును.

చట్టమును కూడ మరువరాదు. వాహనమును తయారీదారు మూల నిర్దేశములకు విరుద్ధముగా మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును వివరించుచు 2019 జనవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన ఆవరణలో నిలిచియుండు వాహనముల టైర్లే చక్కని పాఠ్యగ్రంథములు. భౌతికశాస్త్ర విభాగము వారు ఏడాదికి ఒక గంట విద్యార్థులను వాని వద్దకు తీసికొనిపోయి, ఆ అంకెలను చదివించి, లెక్క కట్టించినచో ఖర్చు ఏమియు లేదు. ఆ గంటలో నేర్చినది ఏదో ఒక వానరాత్రి ఔటర్ రింగు రోడ్డుపై ఒక కుటుంబమును క్షేమముగా ఇల్లు చేర్చవచ్చును.