పరాయి దేశంలో మన ఆఫీసు: ఎంబసీ గురించి తిరుత్తణి ఇళ్లలో అడిగే ప్రశ్నలు

తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుంచి 1952 దాకా మాస్కోలో భారత రాయబారిగా ఉన్నారు. అదే తిరుత్తణి నుంచి, తిరువళ్లూరు, పళ్లిపట్టు వైపు నుంచి గల్ఫ్‌కో మలేషియాకో కూలికి పోయినవాళ్ల ఇళ్లలో ఎంబసీ అంటే ఇంకా బెరుకే. అది పెద్దవాళ్లకేననుకుంటారు. కాదు. అక్కడ పనిచేసే మేస్త్రీ అయినా, ఇంటిపనికి పోయిన అక్క అయినా భారత పౌరులైతే చాలు, ఆ తలుపు తట్టవచ్చు.

మావాడు దుబాయ్‌లో ఉన్నాడు. ఎంబసీకి పోవాలా, కాన్సులేట్‌కా?

దేశ రాజధానిలో ఉండేది ఎంబసీ, మరో పెద్ద ఊళ్లో ఉండేది కాన్సులేట్. ఎమిరేట్స్‌లో ఎంబసీ అబుదాబిలో, కాన్సులేట్ దుబాయ్‌లో ఉన్నాయి. సౌదీలో అవే రియాద్, జెద్దాల్లో ఉన్నాయి. కౌలాలంపూర్, సింగపూర్‌లలో మన ఎంబసీని హైకమిషన్ అంటారు, చేసే పని ఒకటే. మీవాడు ఉండే ఊరు దేని కిందికి వస్తే అక్కడికి వెళ్లాలి.

చెన్నైలో అమెరికా కాన్సులేట్ ఉంది కదా, అమెరికాలో ఉన్న మా అమ్మాయి సంగతి అక్కడ అడగొచ్చా?

అది అమెరికా ప్రభుత్వ ఆఫీసు. మనకు వీసా ఇస్తుంది, తమ పౌరులను చూసుకుంటుంది. మీ అమ్మాయికి సాయం చేయాల్సింది ఆమె ఉన్నచోట మన కాన్సులేటే. ఆమె అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే భారత పౌరసత్వం పోయినట్టే. ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డు ఉన్నా పౌరసత్వం ఉన్నట్టు కాదు.

కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) పాస్‌పోర్టు లాక్కున్నాడు. జీతం కూడా ఇవ్వట్లేదు.

1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వ ఆస్తి. ఎంబసీలో లేబర్ వ్యవహారాలు చూసే విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇక్కడినుంచి ఇంటివాళ్లు కూడా విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన ‘మదద్’ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. పాస్‌పోర్టు దొరక్కపోతే ఎంబసీ ఔట్‌పాస్ ఇస్తుంది. దానితో ఇంటికి రావడమే తప్ప మళ్లీ ఎక్కడికీ పోలేరు. ఔట్‌పాస్ చేతికొచ్చాక కూడా ఆ దేశం ఎగ్జిట్ (వెళ్లిపోయే అనుమతి) ముద్ర కొట్టాలి. పని వదిలి కల్లివల్లిగా (పత్రాలు లేకుండా) తిరిగినవాడి మీద కఫీల్ పరారీ కేసు పెట్టి ఉంటే ముందు అది తేలాలి. అందుకే కంపెనీ వదిలి బయటపడే ముందే ఎంబసీకి చెప్పండి, తర్వాత కాదు. చేతిలో డబ్బు లేనివాళ్లకు తిండి, బస, టికెట్టు కోసం 2009లో పెట్టిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ప్రతి ఎంబసీ దగ్గరా ఉంటుంది. అడగడానికి సిగ్గుపడొద్దు.

జైల్లో పెడితే విడిపిస్తారా?

విడిపించలేరు. ఆ దేశ కోర్టును ఎంబసీ శాసించలేదు. కానీ 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, మీ కాన్సులేట్‌కు కబురు పంపమని అడిగే హక్కు మీకుందని అరెస్టు చేసినవాళ్లు ఆలస్యం లేకుండా చెప్పాలి. అడిగితే కబురు పంపాలి. మన అధికారి వచ్చి చూడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. పాకిస్తాన్ జైల్లో పెట్టిన భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ విషయంలో ఆ దేశం ఈ నియమాన్ని ఉల్లంఘించిందని 2019 జులై 17న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకుండా, ‘ఇండియన్ ఎంబసీ’ అన్న రెండు మాటలు చెబితే చాలు.

మనిషి అక్కడే చనిపోతే?

ఇది రాయడం కష్టం. అయినా తెలుసుకుని ఉండాలి. మృతదేహం రావాలంటే మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, ఎంబసీ నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు కావాలి. ఇంటివాళ్ల సమ్మతి పత్రం కూడా కావాలి. భార్య ఒకలా, అన్నదమ్ములు ఒకలా రాసిస్తే అక్కడ పని ఆగిపోతుంది. యజమాని ఖర్చు పెట్టకపోతే ఆ సంక్షేమ నిధినే అడగవచ్చు.

తర్వాత రావాల్సిన జీతం బకాయి, పరిహారం ఎంబసీ ద్వారా కలెక్టరుకు చేరి వారసులకు అందుతాయి. మన ప్రాంతంలో చిక్కు ఇక్కడే వస్తుంది. నగరి, పుత్తూరు వైపు చుట్టాలు ఇంటిపేరు రాస్తారు. మనం తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరును ఇనీషియల్‌గా పెడతాం. పాస్‌పోర్టులో తండ్రి పేరు పూర్తిగా, రేషన్ కార్డులో ఒక్క అక్షరం, పాత పత్రాల్లో ఇంటిపేరు ఉంటాయి. తహశీల్దారు ఇచ్చే వారిసు (వారసుల) సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టుతో కలవకపోతే చనిపోయినవాడి ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. మనిషి బతికుండగానే, విమానం ఎక్కకముందే ఈ పేర్లు సరిచేయించండి.

మేం తెలుగువాళ్లం. ఆంధ్రాను అడగాలా, తమిళనాడునా?

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇంట్లో ఏ భాష మాట్లాడినా పాస్‌పోర్టులో చిరునామా తమిళనాడుదే. కాబట్టి సోమవారం తిరువళ్లూరు కలెక్టరాఫీసు వినతుల దినానికి అర్జీ తీసుకెళ్లండి. చెన్నైలో ప్రవాస తమిళుల సంక్షేమ కమిషనరేట్ కూడా ఉంది. కేంద్రం నడిపే సహాయ కేంద్రం నంబరు 1800 11 3090.

అక్కడ పుట్టిన బిడ్డకు? ఇక్కడి పొలం అమ్మడానికి?

బిడ్డ పుట్టిన ఏడాదిలోగా కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. పొలానికి పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో సంతకం చేసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి.

పోయే ముందు ఏం చూసుకోవాలి?

పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) కింద ఉంటుంది. వాళ్లకు గల్ఫ్ పనికి ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. తమిళనాడులో అది చెన్నైలోని ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్. అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపుతామనే ఏజెంటును నమ్మితే ఈ రక్షణలేవీ ఉండవు.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రం, యజమాని చిరునామా జిరాక్సు తీసి, అమ్మకో భార్యకో ఇచ్చాకే చెన్నై రైలెక్కండి.