పాస్టెల్ మీద యాక్రిలిక్ నిలవదు

ప్రశ్న: సరదాగా బొమ్మలు వేస్తుంటాను. ఆయిల్ పాస్టెల్స్ మీద యాక్రిలిక్ పూస్తే పెచ్చులుగా లేస్తోంది. ఈమధ్య ట్యాబ్‌లోనూ గీస్తున్నాను. ఏదో ఒకటే పట్టుకోవాలా?

జవాబు: లోపం మీ చేతిలో లేదండీ. ఆయిల్ పాస్టెల్‌లో మైనం, ఆరని నూనె ఉంటాయి. నీళ్లతో కలిపే యాక్రిలిక్ వాటిమీద నిలవదు. వరస మార్చండి. ముందు యాక్రిలిక్ పల్చగా పూసి, బాగా ఆరాక పాస్టెల్ రుద్దండి. గీతల సందుల్లోంచి కింది రంగు తొంగిచూస్తుంటే భలే అందంగా ఉంటుంది! ఆయిల్ పాస్టెల్ ఎన్నాళ్లకీ పూర్తిగా గట్టిపడదు కాబట్టి, అద్దం తగలకుండా మౌంట్ పెట్టి ఫ్రేమ్ కట్టించండి. ఏ రంగు వేయాలో తేలకపోతే బొమ్మను ఫొటో తీసి, ట్యాబ్‌లో కొత్త లేయర్ మీద వేసి చూసుకోండి. మూడూ కొనసాగించండి, ఏదీ మానొద్దు.