బార్‌కోడ్, క్యూఆర్ కోడ్: కెమెరా ఎలా చదువుతుంది?

బార్‌కోడ్ పేటెంట్ 1952లో అమెరికాలో నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్‌లకు దక్కింది. దుకాణంలో తొలి యూపీసీ (వస్తువుల బార్‌కోడ్) స్కాన్ మాత్రం 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్‌లో జరిగింది. వస్తువు రిగ్లీ చూయింగ్ గమ్. క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్ సంస్థ డెన్సో వేవ్‌లో మసహిరో హారా బృందం రూపొందించింది.

చాలామంది ఈ తేదీల దగ్గరే ఆగిపోతారు. అసలు అందమంతా పనితీరులో ఉంది. ఫోన్ కెమెరా తీసిన చిత్రాన్ని సాఫ్ట్‌వేర్ ముందుగా నలుపు, తెలుపులుగా విడదీస్తుంది. తర్వాత క్యూఆర్ కోడ్ మూడు మూలల్లోని చతురస్రాలను వెతుకుతుంది. వాటి కేంద్రం గుండా ఏ దిశలో గీత గీసినా నలుపు, తెలుపు వెడల్పులు 1:1:3:1:1 నిష్పత్తిలోనే వస్తాయి. కోడ్ తలకిందులుగా ఉన్నా దొరికిపోవడానికి కారణం ఇదే! ఏటవాలుగా తీసిన ఫొటోను సరిచేసుకుని, ఒక్కో గడిని 0 లేదా 1గా చదువుతుంది. రీడ్-సాలమన్ దోష సవరణ వల్ల, అత్యధిక స్థాయిలో సుమారు 30 శాతం చెడిపోయినా సమాచారం తిరిగి వస్తుంది.

ఇక బార్‌కోడ్ సంఖ్య 890తో మొదలైతే వస్తువు భారత్‌లో తయారైనట్టేనని అనుకుంటారు. అది తప్పు. ఆ సంఖ్యను, బార్‌కోడ్ సంఖ్యలు ఇచ్చే జీఎస్1 ఇండియా కేటాయించిందని మాత్రమే అర్థం.

13 అంకెల బార్‌కోడ్ సంఖ్య అయిన ఈఏఎన్‌లో చివరిది తనిఖీ అంకె. ఈ లెక్క ఒకసారి చేసి చూడాల్సిందే. మొదటి 12 అంకెలుగా 890123456789 తీసుకోండి: ఎడమ నుంచి బేసి స్థానాల మొత్తం 28. సరి స్థానాల మొత్తం 34, దాన్ని 3తో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. ఇది ఇప్పటికే 10 గుణిజం కాబట్టి తనిఖీ అంకె 0.